మద్రాసు పద్ధతి: డాక్టరు ఆండ్రూ బెల్ జీవితము

ఓనమాలు దిద్దుట యన్న మాట మన తెలుగునాట నేటికిని వాడుకలో నున్నది గాని, ఆ దిద్దుటను కన్నులార చూచిన విద్యార్థులు మన పాఠశాలలో మిక్కిలి తక్కువ. పూర్వము వీథిబడులలో పసిపిల్లలకు కాగితము లేదు, పలక లేదు. అరుగుమీద సన్నని ఇసుక పఱచి, దానిపై అక్షరము వ్రాసి, పిల్లవాని చూపుడువ్రేలు పట్టుకొని ఆ గుంటవెంబడి నడిపించెడివారు. అందువలననే వానికి గుంట ఓనమాలని పేరు వచ్చినది. తప్పిన యెడల అరచేతితో చెరిపివేసి మరల దిద్దవలెను. పంతులుగా రొక్కరే, పిల్లలు ఇరువదిమందియో ముప్పదిమందియో యుండెడివారు. ఆయన ఒక మూల పెద్దపిల్లలచేత శతకమో లెక్కయో అప్పగింపించుకొనుచుండగా, పాఠము ముగించిన మఱికొందఱు పెద్దపిల్లలు చిన్నవారి వ్రేళ్లు పట్టుకొని దిద్దించుచుండెడివారు. ఇది యొక పద్ధతి యని ఎవరును తలపలేదు. దీనికి ఎవరును పేరు పెట్టలేదు.

పేరు పెట్టినవాడు స్కాట్లండు దేశస్థుడు. ఆయన పెట్టిన పేరు మన రాజధాని నగరముగా చిరకాల ముండిన చెన్నపట్టణము పేరే. తరువాత ఫ్రెంచివారు అదే పద్ధతికి తమ భాషలో వేఱొక పేరు పెట్టిరి. ఆ పేరు మరల ఇంగ్లీషులోనికి వచ్చెను. ఈ పేళ్ల కథయు, ఆ మనుష్యుని కథయు విడదీయరానివి.

ఆండ్రూ బెల్ 1753వ సంవత్సరము మార్చి 27వ తేదీన సెయింట్ ఆండ్రూసు పట్టణమున జన్మించెను. తండ్రి క్షురకవృత్తి చేయువాడైనను యంత్రములయందు ఆసక్తి గలవాడు. కుమారుని ఆ యూరి విశ్వవిద్యాలయమున చేర్చగలిగెను. అచ్చట బెల్ గణితమునందును ప్రకృతిశాస్త్రమునందును పేరు తెచ్చుకొనెను. 1774లో ధనార్జనకై అమెరికా ఖండమునందలి వర్జీనియాకు పోయి, కార్టర్ బ్రాక్స్టన్ అను గొప్పవాని కుమారులకు ఉపాధ్యాయుడుగా నుండి, కొంత పొగాకు వర్తకమును చేసెను. స్వాతంత్ర్యయుద్ధము జరుగుచున్నందున 1781లో తిరుగుప్రయాణము కట్టగా, ఓడ పగిలి ప్రాణములతో బయటపడుటయే భాగ్యమయ్యెను. పిమ్మట ఇంగ్లండు సంఘమున గురుపట్టము పొంది, లీత్ రేవుపట్టణమున కొంతకాలము దేవాలయసేవ చేసి, 1787 జూను 2వ తేదీన చెన్నపట్టణమున దిగెను. ఆయన నిజముగా పోదలచినది కలకత్తాకు.

చెన్నపట్టణమున ఆయనకు కలిసివచ్చినంతగా అందఱికిని కలిసిరాదు. సేనల యందలి పాదిరి పదవులు ఒకటి తరువాత ఒకటి ఆయనకే లభించెను. కొన్నింటికి జీతము తప్ప పని లేదు. దొరలకును దొరసానులకును ప్రకృతిశాస్త్రముపై ప్రయోగపూర్వకముగా ఉపన్యాసము లిచ్చి రుసుము పుచ్చుకొనుచుండెను. బెల్ ధనాపేక్ష గలవాడనుటకు సందేహము లేదు. ఆయన మిత్రులును దాచలేదు. అయినను 1789లో ఎగ్మూరునందలి మగపిల్లల సైనిక అనాథశాలకు పర్యవేక్షకు డగుమని కోరగా, ఆ పనికి ఏర్పఱచిన జీతమును వలదనెను. ఒకే మనుష్యుని యందు ఈ రెండు గుణము లెట్లు పొసగెనో చెప్పుట కష్టము. బహుశః ఆ పిల్లలను చూచిన తరువాతనే ఆయనకు తన పని యేదో తెలిసియుండును.

ఆ పిల్లలు కుంపిణీ సైనికుల కుమారులు. తండ్రులు యుద్ధమునందో రోగముచేతనో చనిపోయిరి. తల్లులలో పెక్కుమంది ఈ దేశపు స్త్రీలు. ఇట్టి పిల్లలు పుట్టుకచేతనే మందమతులనియు, అబద్ధ మాడుట వారి స్వభావమనియు ఆనాటి దొరలలో గట్టి నమ్మకముండెను. అనాథశాలలో నియమింపబడిన ఉపాధ్యాయులును ఆ నమ్మకము గలవారే. అక్షరములు నేర్పుటకే నెలలు పట్టుచుండెను. నేర్పు సంపాదించిన ఉపాధ్యాయుడు అధికవేతనము దొరకినచోటికి వెడలిపోవుచుండెను. బెల్ ఎంత చెప్పినను వారు తమ త్రోవ విడువలేదు.

అట్లుండగా ఒకనాటి ఉదయమున ఆయన గుఱ్ఱమెక్కి పోవుచు ఒక మలబారు బడిని చూచెను. ఈ మాటకు కొంచెము వివరణ కావలెను. ఆ కాలమున చెన్నపట్టణపు ఇంగ్లీషువారు తమిళులను మలబారులని పిలుచుచుండిరి. కావున ఇది మలయాళ దేశపు బడి గాక ఆ పట్టణపు అరవబడి యే యని తలచుట యుక్తము. పిల్లలు నేలమీద కూర్చుండి ఇసుకలో వ్రేళ్లతో అక్షరములు వ్రాయుచుండిరి. మన వారు నిత్యము చూచి గమనింపక పోవునట్టి దృశ్యము. బెల్ గుఱ్ఱము మరలించి నేరుగా అనాథశాలకు వచ్చి, కడపటి తరగతి ఉపాధ్యాయుని పిలిచి, అక్షరములను ఇసుకలో నేర్పుమని యాజ్ఞాపించెను. ఆ యుపాధ్యాయుడు కొంతకాలము నామమాత్రముగా చేసి, అది కానిపని యని చెప్పెను.

బెల్ ఆ యుపాధ్యాయునితో వాదింప లేదు. పై తరగతిలో జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలుడుండెను. ఒక సామాన్య సిపాయి కుమారుడు. వానిని పిలిచి ఆ అక్షరముల తరగతిని వానికి అప్పగించెను. వాడు చేసి చూపించెను. పెద్ద ఉపాధ్యాయుడు అసాధ్యమన్న పనిని ఎనిమిదేండ్లవాడు సాధ్యము చేసిన దినమే బెల్ జీవితమునకు మలుపు. ఆయన మఱికొన్ని తరగతులను కూడ బాలురకే అప్పగించెను. క్రమముగా ఆ శాల యంతయు పిల్లలచేత నడుపబడుచు వచ్చెను. 1796లో ఆయన విడిచిపోవు నాటికి అచ్చట సుమారు రెండువందల మంది బాలురుండిరి.

ఆ శాలలో తరగతి యెట్లుండెనో తెలిసికొనవలెను; ఏలయన మిగిలిన కథ యంతయు దానిమీద నాధారపడినది. ప్రతి తరగతిలోని బాలురును జోడులు జోడులుగా చేయబడిరి. తెలిసినవాడు తెలియనివాని ప్రక్కను కూర్చుండి వానికి పాఠము చెప్పవలెను. వీరు వేఱువేఱు తరగతులవారు కారు. ఇద్దఱును ఒకే తరగతివారు. వారిపై ఆ తరగతికి ఒక బాలోపాధ్యాయుడు, వానికి ఒక సహాయుడు. పాఠము తప్పినవాడు క్రిందికిని, సరిగా చెప్పినవాడు పైకిని జరుగుచుండవలెను. కనుక ఒకనాడు చెప్పినవాడు మఱియొకనాడు చెప్పించుకొనవలసి వచ్చును. దినదినమును జరిగిన తప్పిదము లొక నల్లపుస్తకమున వ్రాయబడుచుండెను. వారమున కొకసారి ఆ పుస్తకము తెఱచి, దోషి యైనవాని విషయమును బాలురే పంచాయతీగా కూర్చుండి విచారించుచుండిరి. ఇందువలన బెత్తమునకు పని మిక్కిలి తగ్గెను. అబద్ధ మాడుట జన్మస్వభావ మనిపించుకొన్న పిల్లలను న్యాయాధిపతులుగా కూర్చుండబెట్టుట సాహసమే.

వారిలో విలియం స్మిత్ అను నొక బాలుడు 1794లో కెప్టెన్ డవ్‌టన్ వెంట టిప్పు సుల్తాను కొలువునకు పోయెను. టిప్పు కుమారు లిద్దఱు కుంపిణీవారియొద్ద జామీనుగా నుండి ఆ సంవత్సరము తిరిగి పంపబడిరి. ఆ సందర్భమున పోయిన బృందమది. స్మిత్ తనతో తీసికొనిపోయిన శాస్త్రపరికరములను సుల్తానునకు చూపించి వాని యుపయోగమును వివరించెను. మందమతి యని లోకము త్రోసిపుచ్చిన సిపాయి కొడుకు, కుంపిణీకి పరమశత్రువైన రాజునకు ప్రకృతిశాస్త్రము బోధించిన ఈ చిన్నసంగతి చరిత్రగ్రంథములలో ఒక మూలనే యున్నది.

ఆరోగ్యము చెడుటచే బెల్ 1796 ఆగస్టులో చెన్నపట్టణము విడిచెను. అప్పటికి ఆయన కూడబెట్టిన సొమ్ము సుమారు 25,000 పౌనులు. 1797లో లండనునందు తన అనుభవమును ఒక చిన్న పుస్తకముగా అచ్చు వేయించెను. మద్రాసు మగపిల్లల అనాథశాలలో జరిగిన విద్యాప్రయోగ మని దాని పేరునకు తాత్పర్యము. మొదట దానిని చదివినవారు కొలదిమందియే. 1798లో లండనునందు ఆల్డుగేటు సెయింట్ బొటాల్ఫు దేవాలయపు బడియు, ఆ వెనుక కెండల్ పట్టణపు బడులును ఆ పద్ధతిని పాటించెను. 1801లో బెల్ సముద్రతీరమున స్వానేజ్ అను నూరికి గురువై పోయి, అచ్చట బడులు పెట్టి, తన చేతులతోనే గ్రామస్థులకు మశూచి టీకాలు వేసెను. 1800లో చేసికొన్న వివాహము మాత్రము సుఖింపలేదు. కొన్నియేండ్లకే దంపతులు విడిపోయిరి.

ఈలోపున లండనునందు సౌత్‌వర్కు పేటలో జోసెఫ్ లాంకాస్టర్ అను క్వేకరు యువకుడు 1798లో బీదపిల్లల కొక బడి తెఱచెను. ఉపాధ్యాయుల జీతములకు డబ్బు లేక, అతడును పిల్లలచేతనే పిల్లలకు చెప్పింపసాగెను. 1803లో అతడు వ్రాసిన పుస్తకమున బెల్‌వలన తాను గ్రహించినదానిని ఒప్పుకొనెను. మఱుసటి యేట స్వానేజ్ పోయి ఆయనను దర్శించెను కూడ. ఇద్దఱును కొన్నినాళ్లు స్నేహముగా మాటలాడుకొనిరి. తరువాత శ్రీమతి ట్రిమ్మరు మొదలగు సంఘపక్షమువారు, లాంకాస్టర్ బడులలో ఇంగ్లండు సంఘపు ప్రశ్నోత్తరి నేర్పరు గనుక అవి ప్రమాదకరములని వ్రాయగా, స్నేహము పోయి పక్షము లేర్పడెను. ఈ పద్ధతిని మొదట కనిపెట్టిన వారెవరు అని దేశమంతయు రెండుగా చీలి కలహించెను. కవులును ఇందు తలదూర్చిరి. సౌదీ, కోల్‌రిడ్జి బెల్ పక్షమున నిలిచిరి. ఈ కలహమున ఎవరును ఆ అరవబడి పంతులు పేరు అడుగలేదు. బెల్ ఇసుకను గూర్చి ఆ బడికి ఋణపడితినని వ్రాసెను గాని, పిల్లలే పిల్లలకు చెప్పుట తన కల్పనయే యని తుదివఱకు వాదించెను. ఆయన మాట నిజము కావచ్చును. కాని అదే గుఱ్ఱముమీదనుండి, అదే అరుగుమీద, పెద్దవాడు చిన్నవానికి దిద్దించుటను ఆయన చూడకుండుట సాధ్యమా యని మన దేశపు బడుల నెఱిగినవారికి తోచక మానదు.

ఇద్దఱి బడులును చూచుటకు వేఱు. నేడు మనము బెంచీలు వరుసగా వేసి, అందఱును నల్లబల్లవైపు తిరిగి కూర్చుండుటయే తరగతి యనుకొనుచున్నాము. బెల్ బడిలో గది నడుమ నేల యంతయు ఖాళీ. వ్రాతబల్లలు గోడలను ఆనించి యుండును. వ్రాయునప్పుడు పిల్లలు గోడవైపు తిరిగి కూర్చుందురు. చదువు వేళ ప్రతి తరగతియు నడుమకు వచ్చి చతురస్రముగా నిలుచును. చతురస్రపు మూడు ప్రక్కల పిల్లలు, లోపల బాలోపాధ్యాయుడు. ఒకే గదిలో ఇట్టి చతురస్రములు పెక్కు. ఉపాధ్యాయుడు నడుమ తిరుగుచు నన్నిటిని చూచుకొనును. లాంకాస్టర్ బడియందు మాత్రము పొడవైన బల్లలు గది నడుమ వరుసలుగా నుండి, అందఱును ఉపాధ్యాయుని పీఠమువైపు తిరిగి కూర్చుందురు. చదువునకు మాత్రము గోడల వెంబడి అర్ధవృత్తములుగా నిలుతురు. ఆ వరుసల కొక్కొక మానిటరు. మన తరగతులలో నేటికిని వినవచ్చు మానిటరు అను మాటను బడులయందు మిక్కిలి వ్యాపింపజేసినది లాంకాస్టరే. బెల్ ఆ మాటను అంతగా వాడలేదు. ఆయన బాలురను ఉపాధ్యాయులనియే పిలిచెను. ఇది చిన్న భేదము కాదు. మానిటరన హెచ్చరించువాడు, కావలివాడు, ఉపాధ్యాయుడన చెప్పువాడు.

1811లో ఇంగ్లండు సంఘమువారు బీదల విద్యకై జాతీయసభను స్థాపించి, బెల్ పద్ధతినే స్వీకరించిరి. మఱుసటి యేట లండనునందు బాల్డ్విన్స్ గార్డెన్స్ అను వీథిలో కేంద్రపాఠశాల వెలసెను. దేశమంతటినుండి ఉపాధ్యాయు లచ్చటికి వచ్చి పద్ధతిని నేర్చుకొని పోవుచుండిరి. బెల్ జీతము పుచ్చుకొనక, ఊరూరు తిరిగి బడులను పరీక్షించుటయే పనిగా పెట్టుకొనెను. ఆయన వచ్చుచున్నాడన్న ఉపాధ్యాయులు వడకుచుండిరి. బాలురయెడ దయగలవాడే గాని పెద్దవారియెడ మిక్కిలి కఠినుడు.

ఇక ఫ్రాన్సు సంగతి. 1815లో నెపోలియను ఎల్బానుండి తిరిగి వచ్చి నూఱుదినములు పరిపాలించిన కాలమున, ఆయన మంత్రి లజారు కార్నో బీదపిల్లల విద్యను గూర్చి నివేదిక సమర్పించి, ఇంగ్లండునందలి ఈ పద్ధతిని పరీక్షింప వలెనని కోరెను. ఆ సంవత్సరముననే ప్రాథమికవిద్యకై పారిసునందొక సంఘ మేర్పడెను. అలెగ్జాండరు ద లాబోర్డు అను నతడు బెల్, లాంకాస్టర్ల పద్ధతులు రెంటిని కలిపి ఫ్రెంచిలో గ్రంథము వెలువరించెను. వాటర్లూ యుద్ధము జరిగి నెపోలియను పోయినను, తరువాతి రాజప్రభుత్వము మొదట దీనిని ఆదరించెను. కొలదియేండ్లలో ఆ దేశమున వేయికి పైగా ఇట్టి బడులు వెలసెను.

ఫ్రెంచివారికి మద్రాసు పేరుతో పని లేదు. లాంకాస్టర్ పేరును తమ బడులకు పెట్టుకొనుటకును ఇష్టము లేదు. ఏలయన ఆ దేశమున అప్పుడే ముగిసిన యుద్ధము ఇంగ్లండుతోనే గదా. అందుచే వారు స్థలనామము, వ్యక్తినామము రెంటిని విడిచి, జరుగు పనినిబట్టి పేరు పెట్టిరి: ఆన్సేన్యమాన్ మ్యుట్యుయెల్. ఆన్సేన్యమాన్ అనగా బోధనము. మ్యుట్యుయెల్ అనగా ఒకరికొకరు చేయునది. తెలుగున పరస్పరబోధన మనవచ్చును. ఈ పేరు వినగానే మనకు తోచునది ఇద్దఱు ప్రక్కప్రక్కను కూర్చుండి ఒకరికొకరు చెప్పుకొనుట. కాని పారిసునందలి బడిలో కండ్లకు కనబడునది వేఱు. పొడవైన గది, వరుసలుగా బల్లలు, ఎత్తైన పీఠము, గోడలవెంబడి అర్ధవృత్తములు, గంటలు, ఈలలు, సేనలో వలె ఆజ్ఞలు. ఆ యమరిక చాలవఱకు లాంకాస్టర్‌ది. అచ్చట పెద్దవాడు చిన్నవానికి చెప్పుటయే గాని చిన్నవాడు పెద్దవానికి చెప్పుట లేదు. పేరునందున్న పరస్పరత బడిలో లేదు.

ఇంగ్లీషువారు ఆ ఫ్రెంచి నివేదికలను తమ భాషలోనికి తెచ్చునప్పుడు చిక్కు వచ్చెను. మాటకు మాట పెట్టి మ్యూచువల్ ఇన్‌స్ట్రక్షన్ అనవచ్చును. లేదా తమ దేశమున వాడుకలో నున్న మానిటోరియల్ సిస్టమ్ అను పేరు పెట్టవచ్చును. మొదటిది ఫ్రెంచివారి భావమును నిలుపును గాని, ఇంగ్లీషు పాఠకునికి ఏ బడియో తెలియదు. రెండవది బడి యేదో వెంటనే తెలుపును గాని, పరస్పరత అను భావమును చంపి, దాని స్థానమున కావలివానిని కూర్చుండబెట్టును. నేటికిని విద్యాచరిత్ర వ్రాయువారు ఫ్రెంచిలో వ్రాసినప్పుడు పరస్పరబోధన మనియు, ఇంగ్లీషులో వ్రాసినప్పుడు మానిటర్ల పద్ధతి యనియు వ్రాయుట కద్దు. రెండు పుస్తకములు చదివిన విద్యార్థికి ఇవి రెండు వేఱు సంగతులని తోచినను తప్పు కాదు.

బెల్ ఈ విషయమున నేమి చేసెనో చూడుడు. 1808లో ఆయన ప్రకటించిన గ్రంథమునకు మద్రాసు స్కూలు అని పేరు. 1816లో పారిసు, స్విట్జర్లండు పోయి ఆ దేశపు బడులు చూచి వచ్చెను. 1823లో తన పద్ధతిని వివరించు గ్రంథమును మరల వెలువరించినప్పుడు దాని పేరున మ్యూచువల్ ట్యూషన్ అను మాటలకు మొదటి స్థాన మిచ్చెను. ఫ్రెంచివారినుండియే దానిని గ్రహించెనని నిర్ధారణగా చెప్పజాలము గాని, ఆ మాట ఆయనకు నచ్చె ననుట స్పష్టము. నచ్చుటకు కారణమును కలదు. ఎగ్మూరున ఒకే తరగతి బాలుర నిద్దఱిద్దఱిని జోడించి, స్థానములు మారుచుండ, నేడు చెప్పినవాడు రేపు చెప్పించుకొన నేర్పఱచినవాడు ఆయనయే. ఫ్రెంచివారు లాంకాస్టర్ అమరికను చూచి పెట్టిన పేరు, వారెన్నడును చూడని చెన్నపట్టణపు అనాథశాలకే చక్కగా సరిపోయినది. భాషాంతరీకరణమున ఇట్టి వింతలు కొన్ని జరుగుచుండును.

స్విట్జర్లండున ఆయన ఇద్దఱు గొప్ప ఉపాధ్యాయులను చూచెను. ఫ్రిబర్గునందు ఫ్రాన్సిస్కను సన్యాసి యగు ఫాదరు గిరార్డు పరస్పరబోధనమును తన బడిలో ప్రవేశపెట్టి, దానిని యంత్రము కానీయక బుద్ధి పెంపొందునట్లు నడుపుచుండెను. 1823లో పైవారి వ్యతిరేకతచే ఆ యేర్పాటు రద్దయ్యెను. ఇవెర్డన్‌నందు పెస్తలోజీ వృద్ధుడై యుండెను. ఆయన పద్ధతి బెల్‌కు రుచింపలేదు. మఱి పండ్రెండేండ్లలో పెస్తలోజీని ఎవరును తలపరనియు, తన పద్ధతి లోకమంతయు నిండుననియు చెప్పెనని ప్రతీతి. జరిగినది విపరీతము. పెస్తలోజీ పేరు నేటికిని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో చెప్పుకొందురు. 1833 తరువాత ఫ్రాన్సునందు పరస్పరబోధన బడులు క్షీణింపసాగెను. ఇంగ్లండునందును ఉపాధ్యాయులు పిల్లలకు తామే చెప్పవలెనన్న యభిప్రాయము బలపడెను. పిల్లలు పాఠమును వల్లించిరే గాని అర్థము గ్రహింపలేదని పరీక్షకులు వ్రాసిరి. పద్ధతి చౌక యైనందుననే ధనికుల ప్రోత్సాహము పొందినది. చౌక యైనందుననే దానికి చెడ్డపేరును వచ్చినది. ఒక్క ఉపాధ్యాయుడు వేయిమందికి చెప్పగలడన్న లాంకాస్టర్ గొప్పలు దానిని మఱింత పాడు చేసెను. పాప మతడు అప్పులపాలై, దేశము విడిచి, 1838లో న్యూయార్కునందు బండిక్రింద పడి మరణించెను.

బెల్ నందు మఱియొక లోపము చెప్పకుండుట న్యాయము కాదు. బీదపిల్లల కందఱికిని వ్రాతయు లెక్కలును నేర్పుట యనవసర మనియు, వారు తమ స్థితికి మించిన ఆశలు పెంచుకొందురనియు ఆయన 1805 ప్రాంతమున వ్రాసెను. ఎగ్మూరున సిపాయి కొడుకునకు శాస్త్రపరికరము లిచ్చి సుల్తానుయొద్దకు పంపిన బెల్‌యు, ఇంగ్లండున ఈ మాట వ్రాసిన బెల్‌యు ఒక్కడే యని నమ్ముటకు మనసొప్పదు. ఇంగ్లండునందలి గొప్పవారి భయములను తీర్చుటకు వ్రాసెనని కొందఱందురు. కారణ మేదైనను, ఆ మాటవలన నష్టపడినవారు పిల్లలు.

ఆ కాలముననే ఈ పద్ధతి మిషనరీల చేతులలో మన దేశమునకు తిరిగి వచ్చెను. 1814లో వంగదేశమున చిన్సూరాయందు లండను మిషనునకు చెందిన రాబర్టు మే గారు ఈ రీతి బడులు తెఱచిరి. 1816లో శ్రీరాంపూరు మిషనరీలు దేశీయపాఠశాలలను గూర్చి ప్రకటించిన చిన్నపుస్తకమున దీనిని సిఫారసు చేసిరి. అరుగుమీదినుండి సముద్రము దాటిపోయినది, ఇంగ్లీషు పేరు పెట్టుకొని మరల అరుగునకు వచ్చినది. 1823లో బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ గారు తమ జిల్లాలోని తెలుగు, కన్నడ బడులను గూర్చి ప్రభుత్వమునకు నివేదిక వ్రాసిరి. ఆ జిల్లాలో 533 బడులును, 6,641 మంది పిల్లలును ఉండిరి. పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించు ఆ బడుల మర్యాద మెచ్చదగిన దనియు, ఇంగ్లండువారు దానిని అనుకరించుట న్యాయమే యనియు ఆయన వ్రాసెను. కాని జనుల బీదతనముచే బడులు మూతపడుచున్నవని దుఃఖించెను. లండనునందు ఆ పద్ధతికై లక్షలు వ్యయ మగుచుండగా, దాని పుట్టినింట ఆ పంతుళ్లకు గ్రాసము లేకుండెను.

బెల్ వార్ధక్యమున డరహాము చెంత షెర్బర్న్ ధర్మశాలకు అధిపతియై, 1819లో వెస్ట్‌మిన్‌స్టరు దేవాలయమున గౌరవపదవి పొందెను. సంతానము లేదు. కూడబెట్టిన 1,20,000 పౌనులను విద్యకే వ్రాసియిచ్చెను. అందు సగము తన జన్మస్థానమగు సెయింట్ ఆండ్రూసునకు, మిగిలినదానిలో చాలభాగము ఎడింబరో, గ్లాస్గో, లీత్, ఆబర్డీన్, ఇన్వర్నెస్ మొదలగు స్థలముల బడులకు చెందెను. 1832 జనవరి 27వ తేదీన చెల్టెన్‌హాము నగరమున ఆయన మరణించెను. శవమును వెస్ట్‌మిన్‌స్టరు దేవాలయమున సమాధి చేసిరి. అచ్చటి స్మారకశిలపై రాజులు సేనానులు లేరు, బడియును పిల్లలును చెక్కబడి యున్నారు. ఆయన ధనమునుండియే 1876లో ఎడింబరో, సెయింట్ ఆండ్రూసు విశ్వవిద్యాలయములలో విద్యాశాస్త్రమునకు ఆచార్యపీఠము లేర్పడెను.

సెయింట్ ఆండ్రూసునందు ఆయన ధనముతో 1833లో తెఱచిన పాఠశాలకు మద్రాస్ కాలేజీ అని పేరు. 2021లో అది క్రొత్త భవనములోనికి మారినది. పేరు మాత్రము మారలేదు. మన తీరమునందలి పట్టణపు పేరు నేడు చెన్నై యైనను, ఉత్తరసముద్రపు ఒడ్డున ఆ స్కాట్లండు పిల్లలు తాము చదువునది మద్రాసునందని నేటికిని చెప్పుకొనుచున్నారు. జాన్ ఫ్రిస్కెన్ తరువాత ఎచ్చట జీవించెనో, ఆ అరవబడి పంతులెవరో, వారికి ఎవరును శిల చెక్కింపలేదు.